చండీగఢ్ రాళ్లతోట

చండీగఢ్ పోయి తిరిగివచ్చిన వారిని బంధుమిత్రులు అడుగు ప్రశ్న ఒక్కటే. "రాళ్లతోట చూచితిరా?" అందురు. శాసనసభా భవనమును గూర్చి గాని, హైకోర్టును గూర్చి గాని, స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడి ఆ నగరమునకు రూపము దిద్దిన లె కోర్బుజియే అను వాస్తుశిల్పిని గూర్చి గాని అడుగువారు తక్కువ. ప్రపంచములోని వాస్తుశాస్త్ర విద్యార్థులు చూడవచ్చు కట్టడములను విడిచి, ఒక రోడ్డు ఇన్‌స్పెక్టరు ఎవరికిని చెప్పకుండ అడవిలో పేర్చిన రాళ్లను చూచుటకు జనము బారులు తీరుచున్నారు. ఇది ఎట్లు జరిగినది? ఆ సంగతినే ఈ ప్రసంగములో చెప్పుకొందము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. దీనికి ఇంగ్లీషులో 'రాక్ గార్డెన్' అని పేరు. ఉద్యానశాస్త్రములో ఈ మాటకు వేరొక అర్థము కలదు. కొండలలో బండల సందున పెరుగు చిన్న చిన్న మొక్కలను, అట్టి బండలనే పేర్చి, వాని నడుమ పెంచు తోటను ఆ పేరుతో పిలుతురు. చండీగఢ్ తోట అట్టిది కాదు. ఇందు నాటినవి రాళ్లే. మొక్కలు, చెట్లు వానికి నీడనిచ్చుటకు మాత్రమే ఉన్నట్లు తోచును.

నగరము ఉత్తరపు కొసను, సెక్టారు 1లో, ఒక ప్రక్క సుఖనా సరస్సు, మరియొక ప్రక్క శాసనసభ, సచివాలయము, హైకోర్టు ఉన్న ప్రదేశము, ఈ రెండింటి నడుమ తోట ఉన్నది. రోడ్డు మీదినుండి చూచువానికి గోడ తప్ప మరేమియు కానరాదు. ద్వారము వద్ద టిక్కెట్టు తీసికొని లోనికి పోగానే దారి సన్నబడును. నాలుగడుగులు వేయగానే వంపు తిరుగును. ఆపైన వచ్చు వాకిళ్లు పొట్టివి. నిలువెత్తు మనిషి తల వంచక వానిని దాటలేడు. మాతో వచ్చిన మిత్రులలో పొడుగరియైన ఒకరికి ఈ సంగతి నుదుటితో తెలిసినది. దేవాలయ గర్భగృహములో అడుగిడునప్పుడు వంగినట్లే ఇచటను వంగవలెనని తోటను కట్టినవాని ఉద్దేశ్యమట. కారణమేదైనను ఫలితము మాత్రము మంచిది. వంగి లేచిన మనిషి కన్నులు తెరచి చూచును.

చూడగా కనిపించునవి చిన్న చిన్న ఆవరణలు. ఒకదానిలోనుండి మరియొకదానిలోనికి దారి. వానిలో తిన్నెల మీద, గట్ల మీద నిలువుగా నిలిపిన రాళ్లు. ఇవి విగ్రహములు కావు. ఒక్క రాతి మీదను ఉలిదెబ్బ లేదు. ఏటి ఒడ్డున ఎట్లు దొరకినవో అట్లే తెచ్చి, ఏ ప్రక్క పైకి ఉండవలెనో నిర్ణయించి నిలిపినవి. అంతమాత్రముననే ఒకటి మెడ సాచిన కొంగవలె ఉన్నది. ఒకటి మోకాళ్ల మీద గడ్డము ఆనించి కూర్చున్న ముదుసలివలె ఉన్నది. మరికొన్ని ఏమివలె ఉన్నవో చెప్పుటకు మాకు మాట దొరకలేదు. మా ప్రక్కన నిలిచిన ఒక బాలుడు ఒక రాతిని చూచి ఏనుగు అనెను. వాని చెల్లెలు కాదు, కప్ప అనెను. ఆ వివాదము తేలకముందే తల్లి వారిని జలపాతముల వైపు లాగికొనిపోయెను. వచ్చువారిలో నూటికి తొంబదిమంది ఆ తల్లివలెనే ఈ ఆవరణలను వడివడిగ దాటిపోవుచున్నారు. తోటలోని ప్రాణమంతయు ఇచటనే ఉన్నదని మా అభిప్రాయము.

ఈ రాళ్లకు ఇంత విచిత్రమైన రూపములు ఎట్లు వచ్చినవి? చండీగఢ్‌కు ఉత్తరమున కనిపించు శివాలిక్ కొండలు హిమాలయములలో అన్నిటికంటె వెలుపలి వరుస, వయస్సులో చిన్నవి. హిమాలయములు లేచుచుండగా వానినుండి దిగిన నదులు లక్షల సంవత్సరములు ఇసుకను, బంకమట్టిని, గులకరాళ్లను తెచ్చి దిగువను పరచినవి. ఆ పొరలే పిమ్మట ముడుతలు పడి పైకి లేచి శివాలిక్ కొండలైనవి. కనుక ఇచటి ఇసుకరాయి చాలవరకు మెత్తనిది. అయితే భూమిలో ఇంకిన నీటితో సున్నము చేరి, అచ్చటచ్చట ఇసుక రేణువులను గట్టిగ బంధించును. మెత్తని రాతిలో గట్టి ముద్దలు ఏర్పడును. వానలు కురిసినపుడు మెత్తనిది కొట్టుకొనిపోవును, గట్టి ముద్ద మిగిలిపోవును. సున్నము ఏ దారిని ప్రాకినదో ఆ దారియే రాతికి రూపము. అందుచేత ఒకదానికి బొడిపెలు, ఒకదానికి రంధ్రములు, మరియొకదానికి కొమ్ములు.

ఆ కొండలనుండి దిగు వాగులను అచ్చటివారు 'చో' అందురు. సంవత్సరములో ఎక్కువ కాలము అవి ఎండిపోయి ఉండును. వానకాలములో ఒక్కుమ్మడిగ పొంగును. వరద తీసిన పిమ్మట వాగు గర్భమున క్రొత్త రాళ్లు బయటపడును. సుఖనా సరస్సు అట్టి ఒక వాగుకు 1958లో కట్ట కట్టగా ఏర్పడినదే.

మన హైదరాబాదు చుట్టుప్రక్కల గుండ్లను ఎరిగినవారికి ఈ రాళ్లు వేరుగ కనిపించును. మనవి సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల నల్లసేనపు రాళ్లు. ఉల్లిపొరవలె పై పెచ్చు ఊడుచు గుండ్రబడినవి. వాని అందము ఒకదానిమీద ఒకటి నిలిచిన తీరులో ఉన్నది. శివాలిక్ రాయి ఒంటరిగ నిలిచియు ఒక ఆకారమును చూపగలదు. రాతిలో ముఖమును చూచుట మనకు క్రొత్త కాదు. ఊరి పొలిమేరన ఒక రాతికి పసుపు పూసి, బొట్టు పెట్టి అమ్మవారనుకొన్న దేశము మనది.

ఈ రాళ్లను చూచిన మనిషి పేరు నేక్‌చంద్ సైనీ. ఆయన 1924 డిసెంబరు 15న షకర్‌గఢ్ ప్రాంతములోని బరియాఁ కలాఁ అను గ్రామమున రైతు కుటుంబములో జన్మించెను. 1947లో దేశ విభజన జరుగగా ఆ గ్రామము పాకిస్తానులో చేరినది. కుటుంబము ఇల్లు వాకిలి విడిచి ఇవతలికి వచ్చెను. లాహోరు అటు పోవుటచే పంజాబుకు క్రొత్త రాజధాని కావలసివచ్చెను. దానికై చండీగఢ్‌ను కట్టుచుండగా నేక్‌చంద్ 1951లో అచట ప్రజా పనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా చేరెను.

క్రొత్త నగరము కట్టుటకు పాత గ్రామములను తీసివేసిరి. ఇండ్లు పడగొట్టిన చోట విరిగిన కుండలు, పెంకులు, పాత సైకిళ్లు, గాజుముక్కలు గుట్టలుగ పడియుండెను. తన ఊరిని పోగొట్టుకొని వచ్చినవాడు, ఇతరుల ఊళ్లు గుట్టలైన చోట ఉద్యోగము చేయుచుండెను. ఆయన ఆ గుట్టలలోనుండి పనికివచ్చునని తోచినదెల్ల ఏరెను. ఉద్యోగవేళ ముగిసిన పిమ్మట సైకిలెక్కి వాగులవైపు పోయి, రాళ్లను ఆ సైకిలు మీదనే తెచ్చెను. ఒక సైకిలు ఎన్ని రాళ్లు మోయగలదో, పంజాబు ఎండలో ఆ సైకిలును త్రొక్కుట ఎట్టిదో ఊహింపుడు. రోడ్డు ఇన్‌స్పెక్టరుకు రాయి అనగా కంకర. ఏది కంకరకు పనికివచ్చునో ఏది రాదో చూచుట ఆయన జీతపు పని. పనికిరాని రాతిని దాచుకొనుట ఆయన సొంత పని.

1958 ప్రాంతమున మొదలుపెట్టి ఆయన సుమారు ఏడేండ్లు ఏరుటయు దాచుటయు తప్ప మరేమియు కట్టలేదు. 1965లో గాని కట్టడము మొదలుకాలేదు. ఈ ఏడేండ్ల సంగతి మాకు మిక్కిలి ముఖ్యముగ తోచినది. నమూనా గీసికొని దానికి తగిన సరకును తెప్పించుట వాస్తుశిల్పుల పద్ధతి. ఆ పద్ధతిలో కట్టిన నగరము అర కోసు దూరములోనే ఉన్నది. ఇచట సరకు ముందు వచ్చినది, రాళ్లు ఒకదాని ప్రక్కన ఒకటి చేరగా చేరగా రాజ్యమొకటి తోచినది. రాజు, దర్బారు, వాద్యగాండ్రు, దాసదాసీలు, పశువులు, పక్షులు, అందరికిని ఆవరణలు ఏర్పడినవి.

ఆయన ఎన్నుకొన్న స్థలము కట్టడములను నిషేధించిన అటవీభూమి. అది వాగు కోసిన లోయ, చుట్టును తుప్పలు. శాఖకు సంబంధించిన సామానులు ఉంచు గుడిసె ఒకటి అచట ఉండుటచే ఆయన రాకపోకలను ఎవరును శంకింపలేదు. రాత్రులందు పాత టైర్లను కాల్చి ఆ వెలుగున పనిచేసెనని చెప్పుదురు. ఇంటిలో భార్య తప్ప ఈ సంగతి తెలిసినవారు బహు కొద్దిమంది.

రాళ్ల తరువాత బొమ్మల వంతు వచ్చినది. వానిని చేసిన విధానము చెప్పుట సులభము. విరిగిన సైకిలు చట్రము, ముందు కవచము, చువ్వలు, ఇవియే ఎముకలు. దానిమీద సిమెంటు ముద్ద. అది ఆరకముందే పైన గాజుల ముక్కలు, పింగాణి కప్పుల పెంకులు, కొలిమి చిట్టెములు, గులకరాళ్లు పొదుగుట. అట్లు వరుసలు వరుసలుగ నర్తకులు, కోతులు, నెమళ్లు, నీళ్లు మోయు స్త్రీలు నిలిచిరి. గాజుల రవికలు తొడిగిన స్త్రీల వరుసను సాయంకాలపు ఎండలో చూచుట ఒక వేడుక. గోడలకు తారు పీపాలు, విద్యుద్దీపములకు వాడు పింగాణి పిడులు, గట్టిపడి పారవేసిన సిమెంటు బస్తాలు పనికివచ్చినవి. తడిసి రాయియైన సిమెంటు బస్తాను చూచి తలపట్టుకొనని ఇంజనీరు ఉండడు. నేక్‌చంద్ దానిని ఒక బండగ పేర్చెను.

లోకములో ఇట్టి పని చేసినవాడు ఈయన ఒక్కడే అని అనుకొనరాదు. ఫ్రాన్సు దేశములో హోత్‌రీవ్ అను పల్లెలో ఫెర్దినాఁ షెవాల్ అను తపాలా జవాను ఉండెను. 1879లో ఉత్తరములు పంచుచు నడుచుచుండగా ఒక రాయి ఆయన కాలికి తగిలెను. దాని రూపము చూచి జేబులో వేసికొనెను. మరునాడు మరికొన్ని దొరకినవి. జేబులు చాలక బుట్ట, బుట్ట చాలక ఒంటిచక్రపు బండి. 33 సంవత్సరములు పనిచేసి 1912లో ముగించిన ఆ రాతిభవనము 26 మీటర్ల పొడవు కలది. చిత్రమేమనగా, ఎన్నడును మన దేశము చూడని ఆ తపాలా జవాను భవనములో ఒక హిందూ దేవాలయమును కూడ కట్టెను. ఆయన చూచినవి సచిత్ర పత్రికలు, బొమ్మల కార్డులు మాత్రమే. 1969లో ఫ్రెంచి ప్రభుత్వము దానిని రక్షిత కట్టడముగ ప్రకటించెను. అయితే షెవాల్ కట్టినది తన సొంత నేల మీద. పొరుగువారు నవ్విరి గాని ఎవరును కూల్చుటకు రాలేదు. నేక్‌చంద్ విషయము అట్టిది కాదు.

1970ల తొలి సంవత్సరములలో అడవి శుభ్రము చేయుచు పోయిన ప్రభుత్వ సిబ్బంది కంట ఈ రాజ్యము పడినది. అప్పటికి అది సుమారు 12 ఎకరములు వ్యాపించియుండెను. అధికారుల చిక్కును మనము సానుభూతితోనే ఆలోచింపవలెను. నేల ప్రభుత్వముది. కట్టడము నిషిద్ధము. కట్టినవాడు ప్రభుత్వోద్యోగి. సరకులో కొంత ప్రభుత్వపు చెత్త. నియమముల పుస్తకము తెరచినచో కూల్చుటయు, కట్టినవానిని శిక్షించుటయు తప్ప మరియొక దారి కనిపింపదు. ఇతర నగరములలోవలె ఇచట ఎవరికి తోచినది వారు కట్టరాదని శపథము చేసికొని కట్టిన నగరము అది. ఇంటి కిటికీల మీదను, చెట్ల వరుసల మీదను నియమములున్న చోటు. అట్టి చోట ఒక్కరికి మన్నింపు ఇచ్చినచో రేపు మరియొకరు అడుగరా? ఇది ఉత్తమాటగ త్రోసివేయదగిన వాదము కాదు.

అయినను చూచిన అధికారులలో కొందరు చేయి ఎత్తలేకపోయిరి. చండీగఢ్ వీధులకు పూలచెట్లను ఎన్నిక చేసిన ఎం. ఎస్. రంధావా తోటను కాపాడవలెనని పలికినవారిలో ఒకరు. ఇంతలో వార్త ఊరిలో ప్రాకినది. జనము వచ్చుట మొదలుపెట్టిరి. రోజురోజుకు వందలమంది చూచిపోవు వస్తువును కూల్చుట, ఎవరును చూడని వస్తువును కూల్చుటవంటిది కాదు. 1976లో ప్రభుత్వమే తోటను ప్రజలకు తెరచెను. నేక్‌చంద్‌కు రోడ్ల పని తప్పించి, తోటకే సబ్‌డివిజనల్ ఇంజనీరు అను హోదాను, జీతమును, 50 మంది పనివారిని ఇచ్చెను. నిషిద్ధ కట్టడమునకు దానిని కట్టినవానినే అధికారిగ నియమించిన ఉదాహరణము మరియొకటి మేము వినలేదు. 1983లో తోట బొమ్మతో తపాలా బిళ్ల వెలువడెను. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను. 1986లో అమెరికా రాజధాని వాషింగ్టనులో పిల్లల ప్రదర్శనశాలకు ఇట్టి తోటనే ఆయన కట్టియిచ్చెను.

పనివారు, ధనము సమకూరిన పిమ్మట పెరిగినవి రెండవ, మూడవ భాగములు. తోట నేడు సుమారు 40 ఎకరములు. ఎత్తైన జలపాతములు, చిన్న గ్రామపు నమూనా, నాటకరంగము, ఉయ్యాలలు కట్టిన పెద్ద పెద్ద తోరణములు, గుడ్డపేలికల బొమ్మలు, ఇవి అందున్నవి. పిల్లలకు ఉయ్యాలలే తోట. మేము కాదనము. కాని తారు మండు వెలుగులో ఒంటరిగ పేర్చిన చేతికిని, యాబదిమంది చేతులకును భేదము కంటికి తెలియుచునే ఉన్నది. మొదటి ఆవరణలో ఒక్కొక్క రాయి తన చోటు కొరకు ఎదురుచూచి నిలిచినట్లుండును. పెద్ద తోరణముల క్రింద జనసందోహమే ప్రధానము.

రక్షణ వచ్చినను భయము పోలేదు. 1990 ప్రాంతమున ప్రముఖుల వాహనములకు త్రోవ తీయుటకై తోట మీదికి బుల్డోజర్లు వచ్చినవి. నగరవాసులు చేతులు కలిపి అడ్డు నిలిచిరి. త్రోవ ఆగినది. 1996లో నేక్‌చంద్ విదేశములకు పోయియుండగా పాలకులు పనివారిని తగ్గించిరి, దుండగులు బొమ్మలను విరుగగొట్టిరి. మరుసటి సంవత్సరము ఆయన పేర ఇంగ్లండులో ఒక సంస్థ ఏర్పడి, దేశదేశములనుండి స్వచ్ఛంద సేవకులను మరమ్మతుకు పంపసాగెను. 2015 జూన్ 12న నేక్‌చంద్ తన 90 ఏండ్ల వయస్సున మరణించెను. 2025 తొలినెలలలో హైకోర్టుకు పోవు త్రోవను వెడల్పు చేయుటకును, వాహనములు నిలుపుటకును తోట గోడలో కొంత భాగమును తీసివేసిరి, ఆ దారిలోని చెట్లును పోయినవి. గోడను మరల కట్టుదుమని పాలకులు చెప్పిరి. జనము ఈసారియు వచ్చి నిరసించిరి, కాని గోడ నిలువలేదు.

గోడయే కదా అనువారు ఉండవచ్చును. ఈ తోటలో గోడ వేరు, బొమ్మ వేరు అని చెప్పుట కష్టము. పీపాల గుర్తులు పడిన గోడలు, వాని వంపులు, వాని పొట్టి వాకిళ్లు, ఇవి లేనిచో రాళ్లు ఒక మైదానములో పోసిన రాళ్లే. రెండవ చిక్కు నమూనాలది. నేక్‌చంద్ కాగితము మీద గీసి కట్టినవాడు కాడు. ఆయన ప్రక్కన నిలిచి పని నేర్చినవారి చేతులలో తప్ప ఈ విద్య మరెచ్చటను వ్రాసిలేదు. వారికిని వయస్సు మీరుచున్నది. మూడవది సరకుది. సిమెంటు పగుళ్లలో తడి దిగినచో లోని ఇనుము త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బును, ఉబ్బి సిమెంటును మరింత పగులగొట్టును, గాజుముక్కలు రాలును. సైకిలు చట్రముల మీద నిలిచిన సైన్యమునకు వానకాలమే శత్రువు. మేము చూచిన వరుసలలోను చేయి లేనివి, ముక్కు రాలినవి కలవు. వానిని ఎట్టి గాజులతో నింపవలెను? ఈనాటి గాజులలో అనేకము ప్లాస్టిక్కువి.

తొలి ఆవరణలలోని రాళ్లకు మాత్రము ఈ బాధ లేదు. వానలో తడిసి, ఎండలో ఆరి, అవి వాగులో ఉన్నపుడు ఎట్లుండెనో అట్లే ఉన్నవి. చూడబోవు శ్రోతలకు మా సలహా ఏమనగా, ఉదయము తలుపు తెరచు వేళకే పోవుడు. అప్పుడు జనము పలుచన, వెలుగు ఏటవాలు. జలపాతముల చప్పుడు వినవచ్చినను తొందరపడక మొదటి నాలుగైదు ఆవరణలలో అరగంట నిలువుడు. మేము బయటికి వచ్చు త్రోవ తెలియక చుట్టు తిరిగి మరల అచటికే చేరితిమి. పిల్లలు పోట్లాడుకొన్న ఆ రాతి ముందు ఈసారి ఒక వృద్ధ దంపతుల జంట నిలిచియుండెను. వారు కూడ దానిని గూర్చియే వాదించుకొనుచుండిరి.